ఊరి ఆర్ట్ గ్యాలరీకి ఏడాది ఎలా గడుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత ఊళ్ళో ఒక ఆర్ట్ గ్యాలరీ ఉంటే బాగుండునని అనుకునేవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ తక్కువేం లేరు. రిటైరైన డ్రాయింగు మాస్టారు, బ్యాంకు ఉద్యోగం చేస్తూ రాత్రుళ్ళు బొమ్మలేసుకునే ఆయన, ఫైన్ ఆర్ట్స్ చదివి ఊరికి తిరిగొచ్చిన అమ్మాయి, పాత మేడ ఖాళీగా ఉన్న ఇంటాయన. ఈ నలుగురూ ఒకచోట కూర్చున్న రోజు నుంచీ పుట్టుకొచ్చే ప్రశ్నలివి. ప్రారంభోత్సవం ఎలా చెయ్యాలని ఎవరూ అడగరు, అది మనకి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ మర్నాడు తాళం ఎవరు తీస్తారన్న దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

ప్రైవేటు గ్యాలరీకీ దీనికీ తేడా ఏమిటి?

ప్రైవేటు గ్యాలరీ బొమ్మలు అమ్ముకుని బతుకుతుంది. అందులో తప్పేం లేదు. ఊరి గ్యాలరీ సొసైటీ పేరుమీదో ట్రస్టు పేరుమీదో ఉంటుంది, వచ్చిన లాభం సభ్యులు పంచుకోకూడదు. అమ్మకం దాని ఆదాయంలో ఒక పాయ మాత్రమే. అందుకే అమ్ముడుపోదని ముందే తెలిసిన ప్రదర్శన కూడా పెట్టగలదు. అలాంటిది ఏడాదికి ఒక్కటైనా పెట్టకపోతే ఈ శ్రమంతా దేనికని నా ప్రశ్న.

మన దగ్గర ఇలాంటివి నిలబడ్డాయా?

రాజమండ్రి వెళ్ళి దామెర్ల రామారావు గ్యాలరీ చూడండి. అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడిలోని చిత్రకారుణ్ణి గుర్తుపట్టి ప్రోత్సహించాడు. రామారావు బొంబాయి జేజే స్కూల్లో చదివి, మళ్ళీ గోదావరి ఒడ్డుకే వచ్చి, చుట్టూ కొంతమందిని చేర్చుకుని బొమ్మలు నేర్పాడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయాడు. ఆ తర్వాత జరిగిందే మనకి ముఖ్యం. స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ బడినీ బొమ్మల్నీ వదల్లేదు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. బొమ్మలు చెదిరిపోకుండా ఊళ్ళోనే ఉండబట్టి వందేళ్ళ తర్వాత కూడా చూడగలుగుతున్నాం.

డబ్బు సంగతికొస్తే మద్రాసు పక్కన చోళమండలం కథ వినాలి. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన దగ్గర చదువుకున్న చిత్రకారులు కలిసి ఆ కళాగ్రామం కట్టుకున్నారు. మైనం పూసి రంగులద్దే బాతిక్ గుడ్డలూ చేతిపని వస్తువులూ చేసి, అమ్మి, ఆ సొమ్ముతో స్థలం కొన్నారు. పొద్దున బాతిక్, మిగతా వేళ సొంత బొమ్మ. గ్రాంటు వచ్చాక మొదలుపెడదామని కూర్చున్నవాళ్ళకి ఇది చెప్పి చూడండి.

రిజిస్ట్రేషన్ ఎలా?

ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. తెలంగాణ కూడా అదే చట్టాన్ని తనకు అన్వయించుకుని వాడుతోంది. పేరు, ఆశయాలు, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళాలి. ఆ తర్వాత పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. చెక్కు మీద ఇద్దరి సంతకాలు తప్పనిసరి చెయ్యండి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకుండా చూసుకోండి. ఇది అనుమానం కొద్దీ చెప్పే మాట కాదు, రేపెవరైనా వేలెత్తి చూపితే మీ కోశాధికారికి అదే రక్ష.

ఏడాదికి ఎన్ని ప్రదర్శనలు పెట్టాలి?

ఐదు. మహా అయితే ఆరు. నెలకొకటి పెడతామని బయల్దేరిన కమిటీలు వేసవికల్లా అలిసిపోతాయి. ప్రదర్శన నాలుగైదు వారాలుండాలి. మొదటి వారం వచ్చేది చిత్రకారులూ వాళ్ళ చుట్టాలే. రెండో వారం పేపర్లో జిల్లా పేజీ చూసినవాళ్ళు వస్తారు. మూడో వారం నుంచి అసలైన ఊరివాళ్ళు మొదలవుతారు. మూడు రోజుల ప్రదర్శనకి వాళ్ళెవరూ రారు. రెండు ప్రదర్శనల మధ్య ఒక వారం ఖాళీ ఉంచండి. గోడలకి పుట్టీ పెట్టాలి, సున్నం వెయ్యాలి, వెళ్ళే బొమ్మలు ప్యాక్ చెయ్యాలి, వచ్చే బొమ్మలు విప్పి మచ్చలూ చిరుగులూ రాసుకోవాలి.

ఏ నెలలో ఏం పెడితే బాగుంటుంది?

మన క్యాలెండర్ మనకే ఉంది, ఢిల్లీ గ్యాలరీల సీజన్ చూసి వేసుకోనక్కర్లేదు. డిసెంబరు చివర నుంచి సంక్రాంతి దాకా ఊరు నిండుగా ఉంటుంది. హైదరాబాదు పిల్లలు, అమెరికా పిల్లలు అందరూ ఇళ్ళల్లోనే ఉంటారు. కొనే చేతులున్నదీ అప్పుడే. మీ ప్రాంతపు పెద్ద చిత్రకారుడి బొమ్మలో, ఊరి చిత్రకారులందరి వార్షిక ప్రదర్శనో అప్పుడుండాలి. ఫిబ్రవరి, మార్చి పరీక్షల కాలం. ఇంటర్ పిల్లలున్న ఇంట్లో టీవీకే తీరిక ఉండదు, గ్యాలరీకెవరొస్తారు? ఆ రెండు నెలలూ ఫొటోలు, ముద్రణచిత్రాలు, లేదా నేను పైన చెప్పిన అమ్ముడుపోని ప్రయోగాలు పెట్టుకోండి.

ఏప్రిల్ 15 ప్రపంచ కళా దినోత్సవం, లియొనార్డో డావించీ పుట్టినరోజు. ఆ రోజు చిన్న సభ, ఆ వెనకే వేసవి శిబిరం. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, శిబిరం పిల్లల బొమ్మలు గోడకెక్కించడానికి సరైన రోజు. పిల్లల బొమ్మలకి కూడా మౌంటు వేసి, పేరూ వయసూ రాసి, పెద్దవాళ్ళ బొమ్మలకిచ్చిన మర్యాదే ఇవ్వండి. క్లిప్పులు పెట్టి దండేనికి వేలాడదీస్తే తల్లిదండ్రులు ఒకసారొచ్చి ఫొటో తీసుకుని పోతారు, అంతే.

జూన్, జూలైల్లో, ముఖ్యంగా కోస్తాలో, కాగితం మీది బొమ్మలు పెట్టొద్దు. తేమకి కాగితం ఉబ్బుతుంది, బూజు పడుతుంది. వానాకాలం పెంబర్తి ఇత్తడి పనికో టెర్రకోటకో వదిలెయ్యండి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన తేదీ అది, 2015 నుంచి ఇలా జరుపుతున్నారు. కలంకారీ ప్రదర్శనకి అంతకన్నా మంచి సందర్భం లేదు. శ్రీకాళహస్తిది కలంతో గీసేది, మచిలీపట్నం పక్క పెడనది చెక్క అచ్చులతో అద్దేది. ఆ రెంటి పక్కనా బజార్లో కలంకారీ అని అమ్మే స్క్రీన్ ప్రింటు గుడ్డ ఒకటి కూడా తగిలించండి. కరక్కాయ, పాలలో నానిన గుడ్డ వాసన చూపించండి, బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి నలుపు ఎలా తీస్తారో చెప్పండి. అప్పటిదాకా చీర అంచు మీదే చూపున్నవాళ్ళు గీత దగ్గర ఆగుతారు.

వినాయక చవితికి మట్టి విగ్రహాల వర్క్‌షాపు ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు, కలిసిపోండి. దసరాకి బొమ్మల కొలువు. ఊళ్ళో ఇళ్ళల్లో అటకెక్కిన పాత కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు తొమ్మిది రోజులకి అరువడిగి తెచ్చి పేర్చండి. ఏ బొమ్మ ఎవరింటిదో చీటీ రాసి పెట్టండి. తమ ఇంటి బొమ్మ గ్యాలరీలో ఉందని చూపించడానికి చుట్టాల్ని వెంటేసుకొస్తారు. జనం విషయంలో దీన్ని మించిన ప్రదర్శన నేనింకోటి చూడలేదు, ఖర్చు కూడా మెట్లమీద పరిచే తెల్లగుడ్డే. నవంబరు 14 బాలల దినోత్సవం బడులతో, ఆపైన మళ్ళీ వార్షిక ప్రదర్శన పని.

బొమ్మలు ఎంచేది ఎవరు?

ఊళ్ళోవాళ్ళు ఇద్దరు, బయటి నుంచి ఒకరు. బయటి వ్యక్తి లేకపోతే తిరస్కరించిన ప్రతి బొమ్మా ఒక శత్రుత్వం అవుతుంది. కమిటీ సభ్యులు తమ బొమ్మలు ఆ ఏడాది పోటీకి పెట్టకూడదని నియమావళిలోనే రాయండి.

గోడకి తగిలించడంలో పద్ధతులేమైనా ఉన్నాయా?

బొమ్మ నడిమిభాగం నేల నుంచి నాలుగడుగుల తొమ్మిది, పది అంగుళాల ఎత్తులో ఉండాలి. మనవాళ్ళకి దేవుడి పటంలా తలుపు పైన తగిలించే అలవాటుంది, అక్కడ బొమ్మ కనపడదు. పిల్లల ప్రదర్శనకి ఇంకో అడుగు దించండి.

వెలుతురు దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. నీటిరంగులు, బట్ట, సహజ రంగులు 50 లక్స్‌కి మించి తట్టుకోవు, తైలవర్ణాలకి 200 దాకా ఫరవాలేదు. ఫోన్లో లక్స్ కొలిచే యాప్‌లున్నాయి, ఉజ్జాయింపుకి పనికొస్తాయి. పడమటి కిటికీ ఉంటే సాయంత్రపు ఎండ నేరుగా పడే గోడ మీద కలంకారీ పెట్టకండి. తోలుబొమ్మలు వేరే సంగతి. వాటిని చేసే నిమ్మలకుంట ఊరివాళ్ళు మేకతోలుని పలచగా, వెలుగు దూరేలా చేస్తారు కాబట్టి వాటిని గోడకి తగిలిస్తే సగం చచ్చిపోతాయి. తెల్లగుడ్డ కట్టి వెనక దీపం పెట్టాలి. ఆ దీపం వేడెక్కని ఎల్ఈడీ అయ్యుండాలి.

ప్రదర్శనలు కాక ఇంకేం కార్యక్రమాలు పెట్టొచ్చు?

చిత్రకారుడు వచ్చి కూర్చుని పనిచేస్తూ మాట్లాడే రోజులు. ఉపన్యాసాల కన్నా ఇవే జనానికి నచ్చుతాయి. చేర్యాల నకాషీ కళాకారుల్ని పిలిస్తే, చింతగింజల అంబలీ సుద్దా పూసిన గుడ్డ మీద ఎర్ర నేపథ్యం పరిచి కథ ఎలా నడిపిస్తారో కళ్ళముందు చూడొచ్చు. ఆ పటాలు గోడ కోసం పుట్టినవి కావు, ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పే కథకుల కోసం పుట్టినవి. వీలైతే కథ చెప్పేవాళ్ళని కూడా పిలవండి. పటం చుట్ట విప్పుతూ ఉంటే పాట దానంతటది వస్తుంది.

ఇక్కడ ఒక మాట కటువుగానే చెప్పాలి. కళాకారుడికి రోజుకూలీ, దారిఖర్చు, భోజనం, బస ఇచ్చాకే మిగతా ఖర్చులు. ‘మీకు ప్రచారం వస్తుంది కదా’ అనే మాట మీ కమిటీలో ఎవరూ అనకూడదు. ఫ్లెక్సీ కట్టినవాడికి ఆ సాయంత్రమే డబ్బిస్తాం, మైకు సెట్టు ఆయనకి అడ్వాన్సే ఇస్తాం. బొమ్మ గీసినాయనకి మాత్రం శాలువా.

బడులతో పనిచెయ్యాలంటే డ్రాయింగు మాస్టార్లే దారి. లోయర్, హయ్యర్ డ్రాయింగు పరీక్షలకి వెళ్ళే పిల్లలకి ఆదివారం పూట గ్యాలరీలో చోటివ్వండి. గోడ మీది బొమ్మని చూసి గీసుకోనివ్వండి.

టికెట్టు పెట్టాలా?

వద్దు. గుమ్మం దగ్గర అద్దం హుండీ పెట్టండి. లోపల నోట్లు కనపడితేనే నోట్లు పడతాయి.

డబ్బు అసలు ఎక్కణ్ణుంచి వస్తుంది?

నాలుగు చోట్ల నుంచి కొంచెం కొంచెంగా. ఒక్క పెద్దాయన మీద నడిచే గ్యాలరీ ఆయన అలకతోనే మూతపడుతుంది. సభ్యత్వ చందాలు, వేసవి శిబిరం ఫీజులు, అమ్మకాల మీద కమిషన్, హాలు అద్దె. ఇవి ఏటా వచ్చేవి కాబట్టి కరెంటు బిల్లు, కాపలా జీతం, సున్నం వీటితోనే గడవాలి. విరాళాలూ గ్రాంట్లూ ఏ ఏడు వస్తాయో ఏ ఏడు రావో చెప్పలేం. వాటిని ఒక ప్రదర్శనకో, లైట్లకో, ఫ్రేములకో ముడిపెట్టాలి. రోజువారీ ఖర్చుకి గ్రాంటు మీద ఆధారపడ్డారంటే రెండో ఏడు తలుపు తెరవలేరు.

సావనీరు సంగతి అందరూ అడుగుతారు. నగల దుకాణం, విత్తనాల కంపెనీ, కార్పొరేట్ కాలేజీ ప్రకటనలతో పుస్తకం వేస్తే డబ్బొస్తుంది, నిజమే. కానీ నలభై పేజీల శుభాకాంక్షలు ఎవరూ చదవరు. అదే ప్రకటనలు తీసుకుని, మధ్యలో ఆ ఏడాది ప్రదర్శించిన బొమ్మల్ని మంచి కాగితం మీద రంగుల్లో వేసి, ఒక్కో చిత్రకారుడి గురించి పేజీ రాయించండి. అప్పుడది కేటలాగు అవుతుంది, ఇళ్ళల్లో దాచుకుంటారు. ప్రకటన ఇచ్చినాయన కూడా మరుసటేడు తనే ఫోన్ చేస్తాడు.

అంతకన్నా ముందు చెయ్యాల్సింది గోడ మీద లెక్క పెట్టడం. జమ, ఖర్చు, మిగులు, ఒక్క కాగితం. గ్యాలరీ గుమ్మంలోకి రాగానే కనపడేలా మూణ్ణెల్లకోసారి మార్చండి. ఈ కాగితం చూసి చందా ఇచ్చినవాళ్ళే మళ్ళీ ఇస్తారు.

దాతలకి ఆదాయపు పన్ను రాయితీ వస్తుందా?

సంస్థ ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఎ, 80జి అని పిలిచే రిజిస్ట్రేషన్లు చేయించుకుంటే వస్తుంది. సాధారణంగా ఇచ్చినదాంట్లో సగానికి, అదీ ఒక పరిమితికి లోబడి. 2,000 రూపాయలు దాటిన నగదుకి రాయితీ లేదు, కాబట్టి బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో తీసుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే ఇది వర్తిస్తుంది, కొత్త విధానం ఎంచుకున్నవాళ్ళకి కాదు. ఆ మాట దాతకి ముందే చెప్పండి, తర్వాత మాటపడొద్దు. ఏడాది ముగిశాక దాతల వివరాలు పన్ను శాఖకి ఆన్‌లైన్‌లో పంపి, వాళ్ళకి సర్టిఫికెట్ ఇవ్వాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, ఫారాల విషయం మీ ఆడిటర్‌ని అడిగి చేసుకోండి.

అమెరికాలో ఉన్న మా బావమరిది డబ్బు పంపుతానంటున్నాడు, తీసుకోవచ్చా?

ఆయన చేతిలో ఏ పాస్‌పోర్టు ఉందో మొదట అడగండి. భారత పాస్‌పోర్టే ఉండి, తన సొంత సంపాదన మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. అక్కడి తెలుగు సంఘాలు పంపేదానికీ ఇదే వర్తిస్తుంది.

ఆ రిజిస్ట్రేషన్ కొత్త సంస్థకి తేలిగ్గా రాదు. మూడేళ్ళ ఉనికి, ఆ మూడేళ్ళలో ఆశయాల మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. వచ్చాక కూడా డబ్బు న్యూఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. చిన్న గ్యాలరీకి ఇంత తంటా అవసరమా అంటే, అవసరం లేదనే అంటాను. బావమరిదిగారిని సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక బొమ్మ కొనుక్కోమనండి. అది విరాళం కాదు, అమ్మకం. బిల్లు ఇవ్వండి, చిత్రకారుడికీ నాలుగు డబ్బులొస్తాయి.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు?

కంపెనీల చట్టం 2013 ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు చెయ్యాలి. ఏడో షెడ్యూలులో కళలూ సంస్కృతీ పరిరక్షణ, సంప్రదాయ చేతివృత్తుల ప్రోత్సాహం ఉన్నాయి. మీ సంస్థకి మూడేళ్ళ అనుభవం, సీఎస్ఆర్-1 అనే ఫారంతో నమోదు కావాలి. ‘మా గ్యాలరీకి సాయం చెయ్యండి’ అంటే కంపెనీ వాళ్ళు కాఫీ ఇచ్చి పంపిస్తారు. ‘పది సర్కారు బడుల పిల్లలకి ఏడాది పాటు చేర్యాల చిత్రకళ, ఇంత ఖర్చు’ అని రెండు పేజీలు రాసుకెళ్ళండి, మాట ముందుకి నడుస్తుంది.

కమిషన్ ఎంత తీసుకోవాలి? పన్ను ఉంటుందా?

ప్రైవేటు గ్యాలరీలు మూడోవంతు నుంచి సగం దాకా తీసుకోవడం మామూలే. ఊరి గ్యాలరీకి 20 శాతం చాలని నా అభిప్రాయం. అమ్మిన పదిహేను రోజుల్లో చిత్రకారుడి ఖాతాలో డబ్బు పడాలి. పెయింటింగుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మీరు తీసుకునే కమిషన్ మాత్రం సేవ కిందికొస్తుంది, దాని రేటు వేరు. మీ టర్నోవరు జీఎస్టీ పరిమితి దాటితేనే ఈ బెడద.

నిధుల కోసం వేలం పెట్టొచ్చా?

పెట్టొచ్చు, ఏడాదికొకటి. కానీ చిత్రకారుల చేత ఉచితంగా బొమ్మలిప్పించుకోవద్దు. కనీస ధర ఆయనే చెప్తాడు, ఆ కనీస ధర ఆయనకి, పైన పలికింది గ్యాలరీకి. ఇలాగైతే మరుసటేడు మంచి బొమ్మే ఇస్తాడు. ఉచితమంటే స్టూడియో మూలన పడున్నది వస్తుంది.

కొన్న బొమ్మని మా షాపు క్యాలెండరు మీద వేసుకోవచ్చా?

కుదరదు. బొమ్మ కొన్నంత మాత్రాన కాపీరైటు రాదు, అది చిత్రకారుడి దగ్గరే ఉంటుంది, ఆయన తదనంతరం ఇంకో 60 ఏళ్ళు వారసుల దగ్గర. క్యాలెండరుకి విడిగా రాతపూర్వక అనుమతి, విడిగా డబ్బు. మీరు డబ్బిచ్చి వేయించుకున్న పోర్ట్రెయిటు సంగతి వేరు, వేరే ఒప్పందం లేకపోతే దాని కాపీరైటు వేయించుకున్నవాళ్ళదే. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. అసలు చిత్రం మళ్ళీ చేతులు మారినప్పుడు ధర 10,000 రూపాయలు దాటితే, ఆ ధరలో 10 శాతం మించకుండా చిత్రకారుడికి వాటా అడిగే హక్కు కాపీరైటు చట్టం 53ఎ సెక్షన్‌లో ఉంది. అమ్మకం బిల్లు వెనక ఈ రెండు ముక్కలూ అచ్చు వేయించండి.

ముఖ్య అతిథి, జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు?

అరగంటలో ముగించండి. అతిథి మొదట బొమ్మలన్నీ తిరిగి చూశాకే మైకు ఇవ్వండి.

మా తాతగారి బొమ్మలు ఇస్తాం, దాచండి అంటున్నారు. తీసుకోవాలా?

సంతోషం కలిగించే ప్రశ్నే గానీ తొందరపడి ఒప్పుకోవద్దు. శాశ్వత సేకరణ అంటే పొడిగా ఉండే గది, ఇనప బీరువాలు, చెదల మందు, ఏటా ఒకసారి అన్నీ బయటికి తీసి చూసే మనిషి. అవి లేకపోతే ఆ బొమ్మలు వాళ్ళ ఇంట్లోనే క్షేమంగా ఉంటాయి. మీరు మంచి ఫొటోలు తీసి, వివరాలు రాసి పెట్టుకుని, ప్రదర్శనకి అరువు తీసుకోండి. వందేళ్ళు దాటిన చిత్రమైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కింద దాన్ని రిజిస్టరు చేయించాలి, ఇంటివాళ్ళకి ఆ సంగతి చెప్పండి. చోటూ మనిషీ ఉండి తీసుకోదలచుకుంటే దానపత్రం రెండు ప్రతులు రాయించండి. బొమ్మ కొలతలు, అప్పటికున్న దెబ్బలు, ప్రదర్శించే హక్కు, ముద్రించే హక్కు, ముఖ్యంగా గ్యాలరీ మూతపడితే బొమ్మ ఎవరికి వెళ్ళాలన్నదీ అందులో ఉండాలి. కుటుంబంలో హక్కున్న అందరూ సంతకం పెట్టాలి, దూరాన ఉన్న ఆడపడుచులతో సహా.